గంట పర్మిషన్

నా ఉద్యోగం మాట్లాడటం. నర్సింగ్ చదివి, సూదులు వేస్తూ కట్లు కడుతూ కొన్నేళ్ళు గడిపాక, నాకు చేతులకన్నా నోరు బాగా పనిచేస్తుందని ఒక డాక్టరమ్మ కనిపెట్టింది. తాను నడిపే ఆడవాళ్ళ క్లినిక్‌లో కౌన్సెలర్ కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ కుర్చీలోనే రిటైరయ్యాను. ఇప్పుడు అలాంటి కుర్చీల్లో కూర్చుంటున్న మీలాంటి చిన్నవాళ్ళు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "సిస్టర్, ఇన్నేళ్ళలో మీకు బాగా కష్టమనిపించింది ఏది?" తాగొచ్చి గొడవపడే మొగుళ్ళ గురించో, ఏడుపు ఆపుకోలేని ఆడపిల్లల గురించో చెప్తానని చూస్తారు. అవి కష్టమే, కానీ అలవాటైపోయాయి. అలవాటు కానిది ఒకటుంది. మధ్యలో కొంతకాలం నన్ను నోరు మూసుకుని కౌన్సెలింగ్ చెయ్యమన్నారు.

మా క్లినిక్ అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్లున్న ఒక బిల్డింగులో రెండో అంతస్తు. మెట్ల దగ్గర గోడంతా జావా, టెస్టింగ్, స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులు. వాటి మధ్య ఎక్కడో మా బోర్డు. కడుపుతో ఉన్నావిడ ఆటో దిగి రెండడుగులు వేసేలోపు ఆమె చేతిలో ఎవడో ఒకడు సాఫ్ట్‌వేర్ కోర్సు పాంప్లెట్ పెట్టేవాడు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో బోరబండ నుంచి వచ్చే కూలీనాలీ చేసుకునే ఆడవాళ్ళు ఎక్కువ. బంజారాహిల్స్ ఇళ్ళలో వంటపని చేసేవాళ్ళు, హాస్టళ్ళలో ఉండి చదువుకునే అమ్మాయిలు గుట్టుగా ముఖానికి చున్నీ చుట్టుకుని వచ్చేవాళ్ళు. గర్భనిరోధక మాత్రలు, కాపర్-టీ, సూదిమందు, గర్భిణుల, బాలింతల పరీక్షలు మా పని. అబార్షన్లు మేము చేసేవాళ్ళం కాదు. వద్దనుకుని వచ్చినవాళ్ళకి చట్టం ఏం చెప్తుందో, ఏ ఆసుపత్రికి వెళ్ళాలో, వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలో చెప్పేవాళ్ళం. అంతే. కానీ ఆ 'అంతే' చెప్పేవాళ్ళు లేకపోతే ఆడవాళ్ళు మెడికల్ షాపుకి పోయి, ఏదో ఒక మాత్ర కొనుక్కుని, ఇంట్లో బాత్రూములో కూర్చుని మింగుతారు. అలా మింగి రక్తం పోయి, చావు దాకా పోయి వచ్చినవాళ్ళని నర్సుగా ఉన్నప్పుడు నేను చూశాను. రానివాళ్ళనీ చూశాను.

ఒక ఏడాది అమెరికాలో ప్రభుత్వం మారింది. మారితే మనకేంటి అనుకుంటాం. మాకు వచ్చే డబ్బులో పెద్ద భాగం అక్కడి ప్రభుత్వానిది. నాలుగు చేతులు మారి మా దాకా వచ్చేది. ఆ డబ్బుతో పాటు ఒక నియమం ఉంది. అక్కడ ఒక పార్టీ గెలిస్తే ఆ నియమం వస్తుంది, ఇంకో పార్టీ గెలిస్తే పోతుంది. ఈసారి వచ్చింది. ఆ డబ్బు తీసుకునే సంస్థ, ఏ దేశంలో ఉన్నా సరే, అబార్షన్ గురించి సలహా ఇవ్వకూడదు. ఎక్కడ చేస్తారో తనంతట తాను చెప్పకూడదు. మన దేశంలో అది చట్టబద్ధమే కదా అంటే, కావచ్చు, అయినా చెప్పకూడదు. అక్కడ ఓటు వేసిన మనిషికి అమీర్‌పేట ఎటుందో తెలియదు. ఆయన ఓటు వచ్చి నా నోటి మీద పడింది.

ఇదంతా అర్థమయ్యేలా చెప్పడానికి ఢిల్లీ నుంచి ఒకాయన వచ్చి బంజారాహిల్స్ హోటల్లో ట్రైనింగ్ ఇచ్చారు. పనీర్ పకోడీ బాగుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, బలాత్కారం జరిగినప్పుడు మినహాయింపు ఉందన్నారు. మామూలు కేసుల్లో కూడా ఒక చిన్న సందు ఉందన్నారు. ఆడమనిషి తనంతట తానుగా మూడు మాటలు చెప్పాలి. ఒకటి, నేను గర్భవతిని. రెండు, నాకు ఈ గర్భం వద్దని ఇప్పటికే నిర్ణయించుకున్నాను. మూడు, చట్టప్రకారం, సురక్షితంగా ఎక్కడ చేస్తారు? మూడూ స్పష్టంగా చెప్తే అప్పుడు ఎక్కడికి వెళ్ళాలో జవాబు చెప్పొచ్చు. ఆ మాటలు మేము అందించకూడదు.

"సగం చెప్పి ఆగితే, మిగతా సగం అడగొచ్చా?" అన్నాను.

"అడగకూడదు."

"తల ఊపొచ్చా?"

ఆయన తన కాగితాలు తిరగేసి, "వింటున్నట్టు ఊపొచ్చు. ప్రోత్సహిస్తున్నట్టు ఊపకూడదు," అన్నారు.

మా డాక్టరమ్మ, అంటే మా డైరెక్టర్ మేడమ్, కాఫీ కప్పు వెనక ముఖం దాచుకుంది. మా ఆఫీసు మేనేజరు మాత్రం శ్రద్ధగా వింటున్నారు. ఆయనది భీమవరం వైపు. చాలా మంచివారు, చాలా భయస్తులు. పంజాగుట్టలో ఉన్న మా హెడ్డాఫీసులో కూర్చునేవారు. ఆయన అడిగిన ప్రశ్న ఒకటే. "ఉద్యోగి డ్యూటీలో లేనప్పుడు, ఆఫీసు ఆవరణలో లేనప్పుడు, ఎవరితోనో మాట్లాడితే ఏంటండీ?" అది ఆ మనిషి సొంత విషయం, సంస్థకి అంటదు అన్నారు ఢిల్లీ ఆయన. మేనేజరుగారికి భయం కొంచెం తగ్గింది. ఇంటి దగ్గర వాళ్ళావిడతో ఏమైనా మాట్లాడుకోవచ్చని అనుకున్నారేమో.

మర్నాడే ఆయన అమీర్‌పేట వచ్చి గోడల మీద పోస్టర్లు తనిఖీ చేశారు. ఒక పోస్టరు మీద "గుర్తింపు పొందిన ఆసుపత్రిలో గర్భస్రావం చేయించుకోవడం చట్టబద్ధం" అని ఉంది. పోస్టరు తీస్తే గోడ పెచ్చులు ఊడుతున్నాయి. అందుకని 'గర్భస్రావం చేయించుకోవడం' అన్నంత మేరా కనిపించకుండా, బీరువాలో పడున్న పోషకాహారం స్టిక్కరు ఒకటి తెచ్చి అతికించారు. పని ఒత్తిడిలో ఎవరమూ దాన్ని మళ్ళీ చదవలేదు.

అసలు చిక్కు పోస్టర్లతో రాలేదు. ఆ మూడు మాటలూ ఇంగ్లిష్‌లో రాసినవాళ్ళు, ఆడవాళ్ళు అలాగే మాట్లాడతారనుకున్నారు. మనవాళ్ళు మాట్లాడరు. ఆ నియమం వచ్చిన కొత్తలో ఒకావిడ వచ్చింది. ముప్పై లోపే ఉంటుంది. చంకలో పిల్లాడు.

"చెప్పమ్మా," అన్నాను.

"ఏం లేదు మేడం. గదే."

నేను ఊఁ అన్నాను.

"నెలదప్పింది."

మొదటి మాట, కొంచెం అటూ ఇటూగా, వచ్చేసింది. ఊఁ అన్నాను.

"వీనికి ఇంకా ఏడాది సుత నిండలే. పెద్దది బడికి పోతది. మా అత్తకు తెలిస్తే ఉంచుకోమంటది."

"ఊఁ."

"మీకు తెల్వదా మేడం ఆడోళ్ళ బాధ?"

"తెలుసమ్మా. నువ్వు చెప్పు."

"నేనేం చెప్త? మీరే చెప్పాలె. గందుకే గదా ఇంతదూరం వచ్చిన."

నేను వింటున్నట్టు తల ఊపాను. ప్రోత్సహిస్తున్నట్టు ఊపలేదు. ఆమె నా ముఖంలోకి చూసింది, నేను ఆమె ముఖంలోకి చూశాను. పిల్లాడు ఇద్దరినీ చూశాడు. చివరికి ఆమె లేచి వెళ్ళిపోయింది. బయట బెంచీ మీదున్న వాళ్ళతో, "గీమెకు మస్తు పొగరున్నది. నోరిప్పదు," అనడం నాకు లోపలికి వినిపించింది. నోరిప్పదు అన్న మాట నన్ను అన్న మొదటి మనిషి ఆమే అయి ఉంటుంది. మా ఇంట్లో చెప్తే మా ఆయన నమ్మలేదు.

మర్నాడు పొద్దున ఆమె భర్త వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో టై.

"మేడం, నేను కింద ఫస్ట్ ఫ్లోర్ల జేస్త. పోరగాండ్లకు మాక్ ఇంటర్వ్యూలు తీస్కుంట. నిన్న మా ఇంటామె మీ దగ్గర కూసున్నదట. మీరు ఊఁ కొట్టుడు తప్ప ఏం చెప్పలేదట. గిదేం కౌన్సెలింగ్ మేడం?"

"మా మీద ఒక నియమం ఉంది సార్. ఆవిడ తనంతట తానే కొన్ని మాటలు చెప్పాలి. చెప్తే నేను జవాబిస్తాను."

"ఏం మాటలు?"

"అవి నేను చెప్పకూడదు."

ఆయన కోపం ఎటో పోయింది. కళ్ళు మెరిశాయి. "అంటే క్వశ్చన్ పేపర్ లీక్ జెయ్యరన్నమాట."

"నేనేమీ అనలేదు సార్."

"రూల్ ఇంటర్నెట్‌ల ఉంటదా?"

"ఉంటుందేమో."

"ఐతే ఫికర్ లేదు," అని దిగి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి పిల్లాడు లేడు. కుర్చీ అంచు మీద నిటారుగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా కళ్ళలోకి చూసి మొదలుపెట్టింది. "గుడ్ మార్నింగ్ మేడం. నేను గర్భవతిని. ఈ గర్భం వద్దని నేను ఇప్పటికే నిర్ణయించుకున్నాను. చట్టప్రకారం, సురక్షితంగా ఎక్కడ చేస్తారో దయచేసి చెప్పగలరా? థాంక్యూ మేడం." అని చిన్నగా నవ్వింది కూడా.

చప్పట్లు కొట్టాలనిపించింది. ఎక్కడికి వెళ్ళాలో, ఎవరిని కలవాలో, వెంట ఏం పట్టుకెళ్ళాలో చెప్పాను. నోరు తెరిచి చాలా రోజులైందేమో, ఆ కాస్త చెప్పడంలోనే నాకు ఆయాసం వచ్చింది. తలుపు తీస్తే ఆయన బయట నిలబడి ఉన్నాడు.

"సెలెక్ట్ అయ్యిందా మేడం?"

ఆ తర్వాత ఆయన దగ్గర ఇంకో బ్యాచి మొదలైంది. మధ్యాహ్నం అన్నాల వేళ, ఒకటో అంతస్తు మెట్ల మలుపులో. ఫీజు లేదు. ముందు ఇద్దరు, తర్వాత బోరబండ ఆడవాళ్ళు నోటి మాటగా ఒకరికొకరు చెప్పుకుని వచ్చారు. నేను టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి వెళ్తుంటే ఆయన గొంతు వినపడేది. "భయపడకు అక్కా. కండ్లల్ల చూసి చెప్పు. నిర్ణయించుకున్నాను అన్నకాడ జర వత్తు. అనుకుంటున్న అనొద్దు, అనుకుంటున్న అంటే రిజెక్ట్ అయితవ్." నేను చెవిలో ఏదో పడ్డట్టు నటిస్తూ పైకి వచ్చేసేదాన్ని.

అందరూ దిట్టంగా చెప్పేవాళ్ళని కాదు. రక్తహీనత మాత్రల కోసం వచ్చిన ఒకావిడ కూడా మూడు మాటలూ అప్పగించింది. అది చెప్తేనే లోపలికి రానిస్తారనుకుందట. కోడలిని తీసుకొచ్చిన ఒక అత్తగారు, కోడలు సిగ్గుతో నోరు విప్పకపోయేసరికి విసుగొచ్చి, "నేను గర్భవతిని," అని తానే మొదలుపెట్టింది. ఆమెకి అరవై దాటి ఉంటాయి. కోడలు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వి నవ్వి, ఆ నవ్వులోనే మిగతా రెండు మాటలూ చెప్పేసింది.

ఒకరోజు మేనేజరుగారు నెలవారీ తనిఖీకి వచ్చి బయట బెంచీ దగ్గర కూర్చున్నారు. సాయంత్రం నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"ఏంటి సిస్టర్ గారూ, అందరూ ఒకేలా మాట్లాడుతున్నారు? కాపీ కొట్టినట్టు?"

"ఏమో సార్."

"మనం చెప్పించట్లేదు కదా?"

"లేదు సార్."

"ఆ కింద ఆయన మన స్టాఫ్ కాదు కదా?"

"టెస్టింగ్ వాళ్ళ స్టాఫ్ సార్."

ఆయన తనిఖీ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నారు. "అయితే ఇవాళ నేను రాలేదనుకోండి," అని వెళ్ళిపోయారు.

ఇదంతా నవ్వుతూ చెప్తున్నాను కానీ, ఆదివారాలు నవ్వు వచ్చేది కాదు. నేను చర్చికి పోయే మనిషిని. మా స్త్రీల కూటంలో కొందరికి నా ఉద్యోగమంటే మొదటినుంచీ ఇష్టం లేదు. ఇప్పుడు ఆ నియమం సంగతి ఎవరో చెప్పారు. "చూశావా, అక్కడివాళ్ళకైనా దేవుడి భయముంది," అంది మా కూటం పెద్దావిడ. నాకు జవాబు తెలియక కాదు. అబార్షన్ అంటే నాకూ మనసులో ఒక ముల్లుంది, అది ఎప్పుడూ పోలేదు. కానీ ఎదురుగా కూర్చున్న ఆడదానికి తెలియాల్సింది తెలియనివ్వకుండా పంపిస్తే ఆ ముల్లు పోతుందా? ఆ మాట ఆవిడతో అనలేదు. టీ గ్లాసులు కడగడానికి వెళ్ళిపోయాను.

అలా ఉండగా డబ్బు ఇచ్చే వాళ్ళ తరఫున అమెరికా నుంచి ఒకామె చూడటానికి వస్తోందని కబురు వచ్చింది. నెరిసిన జుట్టు, కాటన్ కుర్తా, చేతిలో పెన్ను. పక్కన తెలుగు మాటల్ని ఇంగ్లిష్‌లో చెప్పడానికి ఒక అమ్మాయి. వీళ్ళ వెంట మేడమ్, మేనేజరుగారు. ఎండలో రెండంతస్తులు ఎక్కి వచ్చినా ఆ పెద్దావిడ నవ్వుముఖంతోనే ఉంది. వచ్చీ రాగానే గోడవైపు చూసి, ఆ పోస్టర్లో ఏముందని అడిగింది. అనువాదం అమ్మాయి దగ్గరికెళ్ళి చదివింది. ఆగింది. మళ్ళీ చదివింది. తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పింది. ఆ పెద్దావిడ కనుబొమలు పైకి లేచాయి.

ఏం చెప్పావమ్మా అని మెల్లిగా అడిగాను.

"ఉన్నదే చెప్పానండీ. గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ఆకుకూరలు తినడం చట్టబద్ధం."

మేనేజరుగారి ముఖం పాలిపోయింది. బయట తింటే ఏమవుతుందని అడిగింది ఆ పెద్దావిడ.

ఆమె నా గదిలో ఒక మూల కుర్చీలో కూర్చుంది. లోపలికి వచ్చే ప్రతి మనిషినీ, ఈమె ఉండొచ్చా అని ముందే అడిగాం. మొదట కాపర్-టీ కోసం ఒకావిడ వచ్చి వెళ్ళింది. బాగానే జరిగింది. తర్వాత ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. భుజాన బ్యాగు, మెడలో కింది ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ కార్డు. పక్కన ఎవరూ లేరు. తెల్లావిడని చూసి తడబడింది కానీ, ఉండనీయండి అంది.

కూర్చుంది. నిటారుగా. చేతులు ఒళ్ళో. ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు వెంటనే తెలిసిపోయింది.

"గుడ్ మార్నింగ్ మేడం. నేను గర్భవతిని."

మూలన పెన్ను కదిలింది.

"ఈ గర్భం... నేను ఇప్పటికే..." ఆగిపోయింది. పద్యం మర్చిపోయిన పిల్లలా మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. "నేను గర్భవతిని. నేను ఇప్పటికే..."

ఆ ఒక్క మాటా నా నాలుక చివర ఉంది. అందిస్తే అయిపోతుంది. నేను కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాను. ఆ అమ్మాయి పై పెదవి మీద చెమట పట్టింది. మూడోసారి మొదలుపెట్టి, అక్కడికే వచ్చి ఆగింది.

"సారీ మేడం. ప్రిపేర్ అయ్యే వచ్చిన. వస్తలేదు." లేచి నిలబడి బ్యాగు సర్దుకుంది. "పోతా మేడం."

మా మెట్లు దిగితే ఎడంపక్క మొదటి కొట్టే మెడికల్ షాపు. అక్కడ ఎవరినీ మూడు మాటలు చెప్పమని అడగరు. ఒక్క మాట చాలు. ఆ పిల్ల తలుపు దాకా వెళ్ళింది. నేనూ లేచాను. లేచేదాకా ఏం చెయ్యబోతున్నానో నాకు తెలియదు.

"సార్," అన్నాను గుమ్మంలో ఉన్న మేనేజరుగారితో, "నాకు గంట పర్మిషన్ కావాలి."

"ఇప్పుడా? ఏంటి సిస్టర్ గారూ, వీళ్ళు ఉండగానా?"

"అర్జంటు పని సార్. సొంత పని."

ఆయన నన్ను చూశారు, అమ్మాయిని చూశారు, మూలనున్న ఆవిడని చూశారు. ఢిల్లీ ఆయనని తానడిగిన ప్రశ్న గుర్తొచ్చినట్టుంది. వెనక నుంచి మేడమ్ అంది: "ఇవ్వండి. ఆవిడ పర్మిషన్లు వాడుకోనేలేదు ఈ నెల."

మెడలో ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టాను. హ్యాండ్‌బ్యాగు తీసుకుని, "పద బిడ్డా, నేనూ కిందికే," అన్నాను.

మెట్ల మీద ఒక్క ముక్క మాట్లాడలేదు. మెట్లు ఆవరణలోకి వస్తాయో రావో నాకు తెలియదు. ఒకటో అంతస్తులో ఆ టై మనిషి మమ్మల్ని చూసి ఏదో అడగబోయాడు. నేను చెయ్యి అడ్డంగా ఊపాను. గేటు దాటాం. పాంప్లెట్ల కుర్రాళ్ళని దాటాం. మెట్రో పిల్లర్ల కింద రోడ్డు దాటేటప్పుడు ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను, బస్సు మీదికి వస్తుంటే. అటువైపు జ్యూస్ సెంటర్లో ఒక బెంచీ ఉంది. రెండు బత్తాయి జ్యూసులు చెప్పి కూర్చున్నాక అన్నాను: "ఇప్పుడు చెప్పు. ఎట్లా వస్తే అట్లా చెప్పు."

గ్లాసులో స్ట్రా తిప్పుతూ మొదలుపెట్టింది.

"సారు మంచిగనే నేర్పిండు మేడం. మర్చిపోలే నేను. గా రెండో మాట అబద్ధం. నేనింకా డిసైడ్ కాలే."

నేను నోటి దగ్గర పెట్టుకున్న గ్లాసు దించేశాను. ఇన్ని నెలలు ఆ మూడు మాటల కోసం ఎదురుచూశాను కానీ, రెండోది నిజం కాని మనిషి వస్తే ఏమిటన్నది నాకూ తట్టలేదు. నిర్ణయం అయిపోయినవాళ్ళకి అడ్రసు చెప్పొచ్చు. నిర్ణయం కానివాళ్ళకే కదా పక్కన ఒక మనిషి కావాల్సింది.

"ఎవరితోనన్నా మాట్లాడినావా?"

"మాకింకా పెండ్లి కాలే మేడం. ఆయన బెంగుళూర్ల ఉన్నడు. నీ ఇష్టం అంటుండు. ఏది అడిగినా నీ ఇష్టమే అంటుండు మేడం. నాకు తెలిస్తే గదా నా ఇష్టం ఏందో." కళ్ళు తుడుచుకుని నవ్వింది. "మా అమ్మకు చెప్తే చేనుల పని ఇడిసి ఉరుకొస్తది. చెప్పాలని సుత ఉన్నది. భయం సుత అయితుంది."

"ఏం తెలుసుకోవాలని ఉంది నీకు?"

"రెండూ. ఉంచుకుంటే ఏమైతది, వద్దనుకుంటే ఏమైతది. ఎవ్వలూ రెండూ చెప్తలేరు."

చెప్పాను. రెండూ చెప్పాను. పెళ్ళి కాలేదని ఆసుపత్రిలో ఎవరైనా వెనక్కి పంపబోతే ఏమనాలో చెప్పాను. ఎన్ని వారాలు దాటితే ఏది కష్టమవుతుందో, ఎందుకు తొందరగా చూపించుకోవాలో చెప్పాను. ఉంచుకుంటే ఎక్కడ చూపించుకోవచ్చో, ఉద్యోగం, హాస్టలు, అమ్మా నాన్నా ఎలా అన్నది కూడా మాట్లాడుకున్నాం. మాత్రలు సొంతంగా మింగొద్దని మాత్రం గట్టిగానే చెప్పాను. ఆ పిల్ల మధ్యమధ్యలో చాలా తెలివైన ప్రశ్నలు అడిగింది. ఒకసారి నా మెడలో గొలుసుకున్న చిన్న సిలువ వైపు చూసింది.

"మీరైతే ఏం జేస్తుంటిరి మేడం?"

"నేను నువ్వు కాదు కదా బిడ్డా," అన్నాను. తప్పించుకోవడానికి అనలేదు. ఆమె కూడా అలా తీసుకోలేదు. తల ఊపి, జ్యూసు మొత్తం ఒక్క గుక్కలో తాగేసింది.

గంట ఎప్పుడో దాటిపోయింది. నేను తిరిగి వచ్చేసరికి మేనేజరుగారు గుమ్మంలోనే ఉన్నారు. "హాఫ్ డే లీవు కింద రాస్తున్నానండీ," అన్నారు గుసగుసగా, చాలా సంతోషంగా. లోపల ఆ పెద్దావిడ కుర్చీలోనే ఉంది. మేడమ్ టీ తెప్పించినట్టుంది.

అనువాదం అమ్మాయి గొంతు సవరించుకుంది. "ఆ అమ్మాయికి మీరేం చెప్పారని అడుగుతున్నారు."

"ఆ టైములో నేను డ్యూటీలో లేనమ్మా."

అది ఇంగ్లిష్‌లోకి వెళ్ళింది. ఇంకో ప్రశ్న వచ్చింది.

"ఈ బిల్డింగులో ఎక్కడైనా మాట్లాడారా అని."

"రోడ్డవతల."

"మిమ్మల్ని సంస్థ పంపిందా అని."

"సగం రోజు జీతం కోసుకుంటోంది మా సంస్థ. పంపినవాళ్ళు కోస్తారా?"

ఆ అమ్మాయి అనువాదం చేసేముందే నవ్వేసింది. పెద్దావిడ పెన్నుకి మూత పెట్టింది.

"ఏం జ్యూస్ తాగారని అడుగుతున్నారు."

"బత్తాయి. ఐసు ఎక్కువేశాడు."

వెళ్ళేటప్పుడు ఆమె మేడమ్‌తో ఏదో అంది. తర్వాత మేడమ్ చెప్పింది నాకు. వాళ్ళ ఆఫీసులో తాను కూడా ఈ మధ్య చాలా పర్మిషన్లు పెట్టాల్సి వస్తోందని అందట.

మా మీద చెడ్డగా ఏమీ రాయలేదు ఆమె. కానీ ఆ సంవత్సరం కాగితాలు మళ్ళీ సంతకానికి వచ్చినప్పుడు, మేడమ్ మమ్మల్నందరినీ పంజాగుట్ట ఆఫీసుకి పిలిచింది. ఈ డబ్బు వద్దనుకుంటున్నాను, మీరేమంటారు అంది. వద్దంటే జీతాలు తగ్గుతాయి, అమీర్‌పేటలో రెండు గదుల్లో ఒకటి ఖాళీ చెయ్యాలి. ఎవరికి వారు లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాం. ముందు మాట్లాడింది మేనేజరుగారు.

"నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదండీ," అన్నారు. "జీతం తగ్గితే కూడా పట్టదు. కానీ అదైతే ఎందుకు పట్టట్లేదో మా ఆవిడకి చెప్పుకోవచ్చు."

అలా వదిలేశాం. ఒక గదిలో సర్దుకున్నాం. ఇద్దరు మంచి పిల్లలు వేరే ఉద్యోగాలు చూసుకుని వెళ్ళిపోయారు, అది ఇప్పటికీ నాకు బాధే. మేనేజరుగారు స్వయంగా వచ్చి పోస్టరు మీది స్టిక్కరు గోళ్ళతో గీకారు. దాని మీది గోంగూర కట్ట బొమ్మ సగం వచ్చింది, సగం అలాగే ఉండిపోయింది. తర్వాత అక్కడ ప్రభుత్వం మారింది, నియమం పోయింది. మళ్ళీ మారింది, మళ్ళీ వచ్చింది. మా ఆయన క్రికెట్ స్కోరు చూసినట్టు నేను ఆ దేశం ఎన్నికల లెక్కింపు చూసేదాన్ని. మీరూ చూడటం అలవాటు చేసుకోండి. మీ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి అది అవసరం.

ఆ అమ్మాయి, మేము జ్యూసు తాగిన వారం తర్వాత మళ్ళీ వచ్చింది. ఆరోజు గదిలో మూలన ఎవరూ లేరు. ఈసారి కుర్చీలో నిటారుగా కూర్చోలేదు. బ్యాగు కింద పడేసి, వెనక్కి వాలి కూర్చుంది. బస్సు దిగి నడిచొచ్చిందట, మంచినీళ్ళు అడిగి తాగింది. వెంట వాళ్ళమ్మ వచ్చింది, బయట బెంచీ మీద కూర్చుని ఉందని చెప్పింది.

"డిసైడ్ అయిన మేడం," అంది.

ఏమని అని నేను అడగలేదు. నియమం వల్ల కాదు, అడగాలనిపించలేదు. ఆమే లేచి తలుపు వేసి వచ్చి చెప్పింది. దానికి ఏమేం కావాలో అవన్నీ మేడమ్, నేనూ చూసుకున్నాం. వాళ్ళమ్మ ముందు ఏడ్చింది, తర్వాత అందరికన్నా ధైర్యంగా నిలబడింది. కోర్సు పూర్తి చేసి ఆ పిల్ల ఉద్యోగంలో చేరింది. ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తుంది, బాగుంది.

కింది టై సారు చాలాసార్లు అడిగాడు, "గా అమ్మాయిది ఏమైంది మేడం?" అని. మా ఆయన అడిగాడు. మా కూటం పెద్దావిడ వేరే దారిలో అడిగి చూసింది. మీరూ అడుగుతారని తెలుసు. తలుపు వేసి చెప్పిన మాట అది. అడక్కండి.